రెండు పలుకుబడులు

"గడియారం పక్కన అంటే పక్కనే కదరా, పైన అంటావేంటి?" అంటోంది అత్తయ్య లోపల. "పక్కన కొడితే క్యాలెండరు ఎక్కడికి పోతుందమ్మా?" అని మా ఆయన. "క్యాలెండరు ఫోన్లో ఉంది నాన్నా, అది తీసి పారెయ్యి," అని మా అమ్మాయి. "నీ ఫోన్లో నా మందుల తారీఖులున్నాయా? గ్యాసు బండ వచ్చిన రోజుకి సున్నా చుట్టి ఉందా?" అని మళ్ళీ అత్తయ్య. భోజనాలు అయినప్పటి నుంచీ ఇదే తగువు. ఇంకా ఇంటికి రాని షీల్డుకి గోడ మీద చోటు వెతుకుతున్నారు ముగ్గురూ. మా ఆయన కింద వాటా వాళ్ళ దగ్గర డ్రిల్లు కూడా అడిగి తెచ్చారు. "ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది, ముందు దాన్ని చేతికి రానివ్వండి," అని నేను ఇక్కణ్ణుంచి కేక వేస్తే, "నువ్వు కదలకు, రంగు కారుతుంది!" అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళకి తగువు లేదు.

వెనక బాల్కనీలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాను. తలకి రంగు, మెడ చుట్టూ పాత తువ్వాలు, తువ్వాలు నిండా పాత రంగుల మరకలు. ఇది ఆడపడుచు కూతురి పెళ్ళికి వేసుకున్నది, ఇది మా అమ్మాయి స్కూలు సభకి, ఇది ఎప్పటిదో. మనిషి గుర్తు పెట్టుకోకపోయినా తువ్వాలు గుర్తు పెట్టుకుంటుంది. "గంట దాకా కడగకు, కణతల దగ్గరవి మొండి వెంట్రుకలు," అని మా అమ్మాయి ఫోన్లో గంట పెట్టి పిట్టగోడ మీద ఉంచి వెళ్ళింది. ఇంకా యాభై రెండు నిమిషాలు. ఆరు గంటలకి మా పంపుల కంపెనీ పెద్ద హాల్లో నాకు షీల్డు ఇస్తారు. నైతిక నాయకత్వానికి సంబంధించిన మాటలు నూట పన్నెండు, ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడిలో పోర్చుగీసు, ఇక్కడి సూపర్‌వైజర్లూ అక్కడి భాగస్వామి కంపెనీ సూపర్‌వైజర్లూ ఒకే మాట ఒకే అర్థంతో వాడాలని వేసిన చిన్న పుస్తకం. దానికి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ పుస్తకంలో దొర్లిన ఒక తప్పుని రెండు రోజుల్లో సరిదిద్ది కొత్త ప్రతులు వేయించినందుకు. పది నిమిషాలు మాట్లాడమన్నారు కూడా. రాసుకున్నాను. అయిదు కాగితాలు. అద్దం ముందు చదువుకున్నాను. మంచి చోట ఒక నవ్వు, చివర్లో చిన్న నిట్టూర్పు, అన్నీ కుదిరాయి.

ఫోన్లో గంటతో పాటు ఒక మెసేజ్ కూడా ఉంది. పొద్దున వచ్చింది. చదివాను, మూశాను, మళ్ళీ చదివాను. చేతులకి తొడుగులున్నాయి గనక ఇప్పుడు తెరవలేను, తెరవక్కర్లేదు, నోటికొచ్చేసింది. "మేడం, ఇవాళ బాగా మాట్లాడండి. మీరు ఎక్సెంప్లో అంటారు. ఇజెంప్లు అనాలి. ముందు వరసలో ఆ దేశం వాళ్ళు కూర్చుంటారు. మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వకూడదు." పంపింది పిచ్చుక. ఇజెంప్లు అంటే ఆదర్శం. నా ప్రసంగంలో ఆ మాట తొమ్మిది సార్లు ఉంది.

పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. మూడేళ్ళు నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుంది. గుప్పెడు మనిషి, కుదురుగా ఉండదు, పని చేస్తూ ఏదో కూనిరాగం, పెన్సిలు చెవి మీద పెట్టుకుని పెన్సిలు కోసం బల్లంతా వెతుక్కునేది. వాళ్ళ నాన్న ఓడలో వంటమనిషి. ఆయన్ని పోర్చుగీసు మాట్లాడే రేవులో దింపేస్తే భార్యాబిడ్డల్ని కూడా తెచ్చుకుని ఎనిమిదేళ్ళు అక్కడే ఉన్నాడట. ఈ పిల్ల ఆ భాషని వీధిలో గోలీలాడుతూ నేర్చుకుంది. నేను సాయంత్రం తరగతులకి వెళ్ళి, రెండేళ్ళు వల్లె వేసి, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. సర్టిఫికెట్టు ఉన్నదాన్ని గనక నేను విభాగానికి పెద్దని, గోలీలాడిన పిల్ల కాంట్రాక్టు మనిషి. విభాగం అంటే మేమిద్దరమే, ఒక ఫ్యాను, ఒక ఇనప బీరువా, కిటికీలోంచి స్టోర్సు గోడౌను. చేరిన మొదటి వారం ఆ పిల్ల చెప్పిన కథ: వాళ్ళ నాన్న ఓడ దిగి బ్యాంకుకో దేనికో వెళ్తే తలుపు మీద "పూషె" అని రాసి ఉందట. పుష్ అన్నారు కాబోలని బలమంతా పెట్టి తోశాడు, రాలేదు, భుజం పెట్టి తోశాడు, లోపలివాళ్ళంతా నవ్వుతున్నారు. పూషె అంటే లాగమని. "మా నాన్న ఇప్పటికీ తలుపు కనపడితే నమస్కారం పెట్టి ఆగుతాడు మేడం, ముందు ఎవరైనా వెళ్ళనీ అని." ఎంత నవ్వాను! ఆ రోజు నుంచి మా గాజు తలుపు దగ్గర ఇద్దరం "పూషె" అనుకునే లోపలికి వెళ్ళేవాళ్ళం. నా ప్రసంగం మొదలయ్యేది ఈ కథతోనే. నాయకుడు తొయ్యకూడదు, లాగాలి. వాళ్ళ నాన్న భుజం నొప్పి మీద నేను చప్పట్లు కొట్టించుకోబోతున్నాను. కథలో ఆయన్ని "మా పరిచయస్తులొకరు" అని రాశాను. ఎంత మర్యాద!

చుక్క ఒకటి మెడ వెనక జారుతోంది. చల్లగా. తుడుచుకుంటే తువ్వాలుకి మరో మరక, ఇది షీల్డు మరక. ఎదురింటి గోడకి నీళ్ళ గొట్టం కారి కారి పచ్చటి చార కట్టింది, ఎన్నాళ్ళ నుంచి కారుతోందో, ఎవరూ చూడలేదు, చూసినా తమది కాదనుకున్నారు. లోపల మా ఆయన టేపు లాగుతున్నారు, అది జర్రున వెనక్కి చుట్టుకుంటోంది. "నాన్నా, అమ్మ స్నేహితులందరికీ కనపడాలి, గుమ్మంలోంచి చూడగానే!" అంటోంది మా అమ్మాయి. దాని క్లాసులో చెప్పుకుంది, మా అమ్మ నాయకత్వం మీద మాట్లాడుతోందని. దాని వయసులో నేనూ నాయకురాలినే. క్లాస్ లీడర్ని. మాస్టారు బయటికి వెళ్తే మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. ఒకరోజు పక్క బెంచీ పిల్లా నేనూ ఇద్దరం మాట్లాడుకున్నాం, కబురు మొదలుపెట్టింది కూడా నేనే, చెప్పుల అడుగున ఇంకో జత చెప్పులు దాచుకున్న దొంగ కథ. అడుగుల చప్పుడు వినపడగానే ఒక్క గెంతులో బోర్డు దగ్గరికి వెళ్ళి దాని పేరు రాశాను. గంటసేపు బెంచీ ఎక్కి నిలబడింది. బయటికొచ్చాక అడిగింది, "నువ్వు కూడా మాట్లాడావుగా?" కోపంగా కాదు, లెక్క తేలక అడిగినట్టు అడిగింది. నేనేమన్నానో గుర్తుంది. "సుద్ద నా చేతిలో ఉంది కదే," అన్నాను. అప్పుడు అది నాకు జవాబులాగే తోచింది. ఇప్పుడు ఎర్ర పెన్ను నా చేతిలో ఉంది. అంతే తేడా. చేతికి ముడతలు వచ్చాయి.

తప్పు సంగతి. తప్పించుకు తిరుగుతున్నాను, ఒక గంట నిండా తిరగగలను, అలవాటే. పోర్చుగీసులో "కొంప్రొమీసు" అని ఒక మాట. చూడగానే ఎవరికైనా కాంప్రమైజ్ అనిపిస్తుంది, అంటే రాజీ. పిచ్చుక దాని ఎదురుగా కమిట్‌మెంట్ అని టైపు చేసింది. కట్టుబడి ఉండటం, ఇచ్చిన మాట. నేను ఎర్ర సిరాతో అది కొట్టేసి కాంప్రమైజ్ అని రాశాను, పక్కన చిన్నగా గీత కూడా గీశాను, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. పదకోశంలో పోతే పోయేది, అదే మాట మొదటి పేజీ మీద వాళ్ళు పంపిన పెద్ద వాక్యంలో ఉంది. దాన్ని బ్యానరు కూడా చేయించారు. పుస్తకం విడుదల రోజున ఆ కంపెనీ నుంచి వచ్చిన అతిథులు ఆరుగురూ హాల్లోకి వచ్చేసరికి గోడ నిండా రెండు భాషల్లో: పైన వాళ్ళ భాషలో, నైతిక నాయకత్వం ఇచ్చిన మాటతో మొదలవుతుంది. కింద ఇంగ్లీషులో, నైతిక నాయకత్వం రాజీతో మొదలవుతుంది. వాళ్ళలో ఒక పెద్దావిడ కాగితం నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను. ఇంకొకాయన ఫోటో తీసుకున్నాడు. మా డైరెక్టరు, పెద్దాయన అంటాం ఆయన్ని, మెల్లగా నా వైపు తిరిగి "ఎవరు చూశారమ్మా ఇది?" అన్నాడు. నేను అన్నాను, "ఆఖరి ప్రూఫ్ మా విభాగం అమ్మాయి చూసిందండీ."

ఒక్క మాట అబద్ధం కాదు. ఆఖరి ప్రూఫ్ ఆ పిల్లే చూసింది. నేను కొట్టేశాక దిద్ది, ప్రింటు తీసి, చూసి, సంతకం పెట్టింది. మాటలన్నీ నిజమే, అబద్ధం మాటల మధ్య ఖాళీల్లో ఉంది. ముప్పై ఏళ్ళుగా మాటలతో బతుకుతున్నదాన్ని, ఖాళీలు ఎలా వాడుకోవాలో నాకు కాక ఎవరికి తెలుస్తుంది. పిచ్చుక గోడ పక్కన మంచినీళ్ళ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూసింది. గ్లాసులు గలగలమనలేదు. ఆ చెయ్యి ఎప్పుడూ కుదురుగా ఉండేది కాదు, ఆ ఒక్క నిమిషం కుదురుగా ఉంది. తర్వాతి వారం ఆ పిల్లని స్టోర్సుకి పంపారు, పెట్టెల మీద చీటీలు అంటించడానికి. వచ్చే శుక్రవారంతో కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించరట. నేను ఆ పిల్ల మొదట రాసిన మాటనే మళ్ళీ పెట్టించి, కొత్త ప్రతులు వేయించి, షీల్డు సంపాదించాను.

ఇంకా ఎన్ని నిమిషాలో. ముక్కు చివరతో ఫోను బొత్తాం నొక్కి చూశాను. ముప్పై ఒకటి. కణత దురద పెడుతోంది, గోకకూడదు. ఆ పుస్తకం చేసేటప్పుడు ఎన్ని నవ్వులు, ఎన్ని వాదాలు. ఇంగ్లీషులో అయితే, పని చేయాల్సినవాడు రెస్పాన్సిబుల్, దానికి జవాబు చెప్పుకోవాల్సినవాడు అకౌంటబుల్. రెండు మాటలు. పోర్చుగీసులో రెండింటికీ ఒకటే, రెశ్పొంసావెల్. "మరి వాళ్ళు తేడా ఎలా చెప్తారే?" అన్నాను. "మామూలుగా అయితే చెప్పరు మేడం. పనెవరిదో జవాబూ వాళ్ళదే. పాపం, వాళ్ళకి సందు లేదు," అంది. నాకు సందు దొరికింది. ఆ పిల్ల రెస్పాన్సిబుల్, నేను అకౌంటబుల్ అనుకుని, అకౌంటబుల్ అయినదాన్ని గనక గంభీరంగా తల వంచుకుని నిలబడ్డాను, తల వంచుకున్నందుకు కూడా పెద్దాయన మెచ్చుకున్నాడు. ఇంకొక మాట, ప్రెతెందేర్. ఇంగ్లీషులో ప్రెటెండ్ అంటే నటించడం, వాళ్ళ భాషలో దాని చుట్టం లాంటి ఈ మాటకి ఉద్దేశించడం అని అర్థం. "వాళ్ళు చేద్దామనుకుంటారు, వీళ్ళు చేసినట్టుంటారు," అని పిచ్చుక రెండు చేతులూ తిప్పి చూపించింది. ఏడు వారాలుగా నిజం చెప్పేద్దామనుకుంటున్నాను. ఏ భాషలో అనుకుంటున్నానో నాకే తెలీదు.

ఎర్ర సిరా కాగితం ఇంట్లోనే ఉంది. ఆ రోజే ఫైల్లోంచి తీసి సంచిలో పెట్టుకొచ్చాను. చింపెయ్యాల్సింది. చింపలేదు, అలాగని దాచడానికి బీరువా తాళం దాకా వెళ్ళలేదు, వంటింటి అలమరలో పప్పు డబ్బాల కింద పరిచాను, అలమర కాగితంలా. మొన్న అత్తయ్య డబ్బాలు దింపి తుడుస్తూ పైకి తీసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయ్, ఈ ఎర్ర సిరాది పారెయ్యనా?" అంది. "వద్దులెండి, ఉండనివ్వండి." "ఎవరి రాతే ఇది?" "ఎవరిదో ఆఫీసులోది అత్తయ్యా." ఆవిడ ఇంకోసారి చూసి, కాగితం మడవకుండా అలాగే పరిచి, "పాలవాడి చీటీ మీద కూడా గీత చివర ఇలాగే కొక్కెం తగిలిస్తావు. నీ రాతే," అని డబ్బాలు ఒక్కొక్కటీ మళ్ళీ పెట్టేసింది. కందిపప్పు, పెసరపప్పు, చక్కెర. ఇంకేమీ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ అడగకుండా వదిలేసినవన్నీ ఒక్కసారే నా మీద పడ్డాయి.

అక్కడితో అయిపోతే బావుండేది. తెలియక చేసిన తప్పు, భయపడి ఆడిన మాట, మనుషులన్నాక చేస్తారు, అనుకోవచ్చు. అనుకుంటూనే వచ్చాను. కానీ ఈ గంట పొడుగ్గా ఉంది, చేతులకి తొడుగులున్నాయి, ఏ పనీ చేతపట్టుకోలేను, కాబట్టి అది కూడా వచ్చేస్తోంది. ఎర్ర సిరా పెట్టిన సాయంత్రం ఆ పిల్ల ప్రింటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, ఈ మాట..." అంది. "నేను చూశానమ్మా, అచ్చుకి పంపెయ్," అన్నాను, తల ఎత్తకుండా. వెళ్ళలేదు. ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారి, నవ్వుతూ, "మేడం, కొంప్రొమీసుని రాజీ అంటే కొంప మునుగుతుంది," అంది. మామూలుగా చెప్పే ధైర్యం లేక వేళాకోళంగా చెప్పింది. నేను వినలేదు, ఏదో జోకు అనుకున్నాను, అని ఏడు వారాలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. విన్నాను. అర్థమైంది కూడా. నిఘంటువు బీరువాలో ఉంది, నాలుగడుగులు. లేవలేదు. ఎందుకంటే అంతకు ముందు వారం ఆ దేశం వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ నేను ఎక్సెంప్లో అంటే పక్కనుంచి ఈ పిల్ల మెల్లగా "ఇజెంప్లు" అంది. నాకు సాయం చేద్దామనే అంది. అటువైపు ఎవరో నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. అప్పటినుంచి దాని నోటి నుంచి వచ్చే ఏ మాటనీ ఒప్పుకోకూడదని నాలో ఎవరో గట్టిగా కూర్చున్నారు. తెలియక కొట్టేశాను, అది నిజం. తెలిశాక ఉంచేశాను. ఇదిగో, ఇదే నేను.

నిన్న గాజు తలుపు దగ్గర ఎదురైంది. స్టోర్సు మీదుగా వెళ్ళాల్సి వస్తుందని ఆరు వారాలుగా వెనక మెట్లు ఎక్కుతున్నాను, మోకాళ్ళు పీకుతున్నా. నిన్న వెనక మెట్లు కడుగుతున్నారు. చంకలో చీటీల కట్ట, వేళ్ళ నిండా జిగురు, అయినా నన్ను చూసి గబగబా వచ్చి తలుపు లాగి పట్టుకుంది. "పూషె, మేడం," అంది. దెప్పుతున్నట్టు ఉంటే బతికిపోయేదాన్ని. అలవాటుగా అంది. నేను "థాంక్స్" అని లోపలికి నడిచాను, వెనక్కి తిరగకుండా, ప్రసంగం కాగితాలు చేతిలో పట్టుకుని. ఆ కాగితాలు చూసే తెలుసుకుని ఉంటుంది, నేనేం మాట్లాడబోతున్నానో. పొద్దున మెసేజ్. ఆ రోజు పదిమందిలో దిద్దినందుకు నాకు కోపం వచ్చిందని దానికి తెలుసు. అందుకే ఈసారి ఒంటరిగా, ముందుగా, ఎవరూ వినకుండా దిద్దింది. మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వకూడదు.

ఇన్‌ఫ్లుయెన్స్ అనే మాట దగ్గర ఒకరోజంతా ఆగిపోయాం. నూట పన్నెండులో అదొక్కటే రెండు భాషల్లోనూ తిన్నగా ఉంది, ఏ తిరకాసూ లేదు. "మన మాటలో ఏమంటాం మేడం?" అంది, గడి లేకపోయినా మూడో గడి నింపడం దానికి సరదా. ప్రభావం అన్నాను. "అది జ్వరానికి కూడా ఉంటుంది. మనుషులకి ఉండేది?" ఆలోచించి, పలుకుబడి అన్నాను. ఆ పిల్ల పెన్సిలు ఆపేసి, "అంటే మాట్లాడే తీరు కదా? మా అమ్మ అంటుంది, ఫలానా ఊరి పలుకుబడి అని." రెండూనే, అన్నాను. పెద్ద పండితురాలిలా చెప్పాను, ఒక భాష మనిషి నోట్లో సహజంగా పలికే తీరూ పలుకుబడే, ఒక మనిషి మాట నలుగురిలో చెల్లడమూ పలుకుబడే. "అయితే సరిగ్గా పలికేవాళ్ళ మాటే చెల్లాలి మరి," అంది నవ్వుతూ. అంత అమాయకంగా అంది. ఆ గదిలో ఇద్దరికీ పలుకుబడి ఉండేది. దానిది నోట్లో ఉండేది, నాది కుర్చీలో. నా కుర్చీ దాని నోరు నొక్కింది. ఇవాళ ఆరింటికి ఆ కుర్చీ మీంచి లేచి వేదిక ఎక్కి, దాని దగ్గర తీసుకున్న కథతో మొదలుపెట్టి, అది దిద్దిన ఉచ్చారణతో ఆదర్శం అని తొమ్మిది సార్లు అంటే, చప్పట్లు కొట్టేవాళ్ళలో వెనక వరసలో జిగురు చేతులు కూడా ఉంటాయి. స్టోర్సువాళ్ళని వెనక నిలబెడతారు.

గంట మోగింది. ఉలిక్కిపడ్డాను. మొత్తం గంటా ఎక్కడికి పోయిందో. బాత్రూములో తల వంచి నీళ్ళు పోసుకుంటుంటే నల్లగా, నల్లగా, తర్వాత గోధుమగా, తర్వాత తేటగా పారాయి. కుడి చెవి అంచున ఒక మరక మిగిలింది. సబ్బుతో రుద్దాను, పోలేదు. రెండు మూడు రోజులు ఉంటుంది, ఎప్పుడూ అంతే. వంటింట్లోకి వెళ్ళి కందిపప్పు డబ్బా, పెసరపప్పు డబ్బా, చక్కెర డబ్బా దింపాను. కాగితం మీద డబ్బాల అడుగుల గుండ్రటి గుర్తులు పడ్డాయి, ఎర్ర గీత మాత్రం చెక్కుచెదరలేదు.

హాల్లో మా ఆయన కుర్చీ ఎక్కి గోడ మీద పెన్సిలు గుర్తు పెడుతున్నారు, గడియారానికీ క్యాలెండరుకీ సరిగ్గా మధ్య. ముగ్గురూ ఎలాగో రాజీ పడ్డట్టున్నారు. "ఇక్కడైతే ఎవరికీ తగువు లేదు, చూడవోయ్," అన్నారు నన్ను చూసి. మా అమ్మాయి డ్రిల్లు ప్లగ్గు పెట్టబోతోంది.

"ప్లగ్గు పెట్టకమ్మా," అన్నాను. "మీరు కిందికి దిగండి. గోడకి ఏమీ వద్దు."

"ఏం, చోటు బాలేదా?"

"చోటు బానే ఉంది. షీల్డు తీసుకోవడం లేదు." కాగితం ఎత్తి చూపించాను. "బ్యానరు మీద తప్పు ఆ పిల్లది కాదు, నాది. అది సరిగ్గానే రాసింది, నేను కొట్టేశాను. తప్పని చెప్పడానికి వచ్చింది కూడా, నేను విననట్టు ఊరుకున్నాను. పెద్దాయన అడిగితే దాని మీదికి తోశాను. ఇవాళ ఆ పది నిమిషాలూ ఇదే చెప్తాను. దాన్ని మళ్ళీ తీసుకోమని అడుగుతాను. తర్వాత నా కుర్చీ ఉంటుందో ఉండదో తెలీదు, ఆ సంగతి మీకూ తెలియాలి కదా."

మా ఆయన పెన్సిలు పట్టుకుని కుర్చీ మీదే ఉండిపోయారు. అత్తయ్య నా చేతిలో కాగితం వైపు చూసి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. మా అమ్మాయి ప్లగ్గు చేతిలో తిప్పుతూ అంది, "అందరి ముందా? ఇంగ్లీషులోనా, వాళ్ళ భాషలోనా?"

"రెండింట్లోనూ. తప్పులు పోతాయేమో, నవ్వితే నవ్వుతారు," అన్నాను. "ముందు ఇంట్లో మన మాటలో చెబుదామని వచ్చాను."